1893 ఫిబ్రవరిలో స్వామీజీ తిరిగిన హైదరాబాద్: ఒక రోజు బస్సు యాత్రపై సమీక్ష

స్వామి వివేకానంద అమెరికా వెళ్ళడానికి కొన్ని నెలల ముందు, 1893 ఫిబ్రవరి 10 నుంచి 17 వరకు హైదరాబాద్‌లో ఉన్నారు. ఆ ఎనిమిది రోజుల్లో ఆయన కాలుమోపిన కొన్ని చోట్లను ఒకే రోజులో చూపించే బస్సు యాత్ర ఒకటి ఉందని తెలిసి, గత ఆదివారం మా నాన్నగారితో కలిసి వెళ్ళి వచ్చాను. మనిషికి 900 రూపాయలు తీసుకున్నారు. ఉదయం ఎనిమిదింటికి సికింద్రాబాద్‌లో బయలుదేరి, రాత్రి ఏడున్నరకు మళ్ళీ అక్కడే దించారు. బస్సులో ఇరవై రెండు మందిమి ఉన్నాము.

మొదటి మజిలీ మెహబూబ్ కాలేజీ. యాత్ర మొత్తంలో నన్ను అన్నిటికన్నా కదిలించిన చోటు ఇదే. ఫిబ్రవరి 13న స్వామీజీ ఇక్కడ తాను పాశ్చాత్య దేశాలకు ఎందుకు వెళ్ళదలచుకున్నారో వివరిస్తూ ఇంగ్లీషులో ఉపన్యసించారు. పండిత రతన్‌లాల్ అధ్యక్షత వహించిన ఆ సభకు వెయ్యిమందికి పైగా వచ్చారు, వారిలో యూరోపియన్లు కూడా ఉన్నారు. షికాగో సభను గురించి మనకు చిన్నప్పటి నుంచి పాఠాలలో చెప్పారు కానీ, అంతకు ఏడు నెలల ముందే, ఆయన పేరు దేశంలో ఎక్కువమందికి తెలియని రోజుల్లో, అంతమంది ఎదుట నిలబడి మాట్లాడింది మన ఊళ్ళోనే అన్న సంగతి చాలామందికి తెలియదు. మా గైడ్ ఈ విషయాన్ని ఎంతో శ్రద్ధగా చెప్పారు. సెలవు రోజు కావడంతో ఆవరణలో మా అడుగుల చప్పుడు తప్ప మరో శబ్దం లేదు. ఆమె మా అందరినీ చెట్టు నీడన నిలబెట్టి, మైకు పక్కన పెట్టి, మామూలు గొంతుతో ఆ సాయంత్రం ఎలా గడిచిందో చెబుతుంటే, వెనుక వరుసలో ఉన్న పిల్లలు కూడా ముందుకు జరిగి విన్నారు. ఈ కాలేజీలోనే చదువుకున్న మా నాన్నగారు, తాను రోజూ నడిచిన ఆవరణను ఆ రోజు కొత్తగా చూస్తున్నట్లు అనిపించింది.

అక్కడి నుంచి దోమలగూడ రామకృష్ణ మఠానికి తీసుకువెళ్ళారు. ధ్యానమందిరంలో కాసేపు కూర్చున్నాము, పుస్తకాల దుకాణంలో స్వామీజీ ఉత్తరాల తెలుగు అనువాదం కొనుక్కున్నాము. ఆ తరువాత చార్మినార్, మక్కా మసీదు. ఆయన వీటిని కూడా చూశారన్న మాట నిజమే గానీ, ఇక్కడ ఇచ్చిన గంటన్నర సమయంలో సగం గాజుల దుకాణాలకే పోయింది.

హుస్సేనీ ఆలంలోని ఖుర్షీద్ జా దేవిడీ, అంటే ఆ నవాబు నివాస భవనం, మాత్రం అలా కాదు. హైదరాబాద్ సంస్థానంలోని పాయిగా ప్రభువుల వంశానికి చెందిన నవాబ్ ఖుర్షీద్ జా నిజాముకు బావగారు. ఇస్లాం మతస్థుడై ఉండి కూడా హిమాలయాల నుంచి కన్యాకుమారి వరకు హిందూ పుణ్యక్షేత్రాలను దర్శించిన మనిషి. ఫిబ్రవరి 12న స్వామీజీ ఆయన ఆహ్వానం మీద ఈ భవనానికి వచ్చి, హిందూ, క్రైస్తవ, ఇస్లాం మతాలను గురించి రెండు గంటలకు పైగా మాట్లాడారు. పాశ్చాత్య దేశాల ప్రయాణం కోసం నవాబు వెయ్యి రూపాయలు ఇవ్వబోతే, సమయం వచ్చినప్పుడు అడుగుతానని స్వామీజీ సున్నితంగా వద్దన్నారు. ఐరోపా పద్ధతిలో లేపిన ఆ ఎత్తైన స్తంభాల వరుసను బయట నుంచే చూశాము. గైడ్ ఈ సంభాషణను కథలా కాక, ఒక్కొక్క మాటను తూచి చెప్పారు. పెచ్చులూడిన ఒక స్తంభం మొదట్లో సున్నం రాలిన చోట లోపలి ఇటుకలు కనిపిస్తున్నాయి. ఇంత పెద్ద సంఘటన జరిగిన చోట, దాన్ని గుర్తుచేసే రాతిపలక ఒకటి యాత్రికులకు కనిపించేలా ఉంటే ఎంత బాగుండునో అనిపించి మనసు బరువెక్కింది.

భోజనం తరువాత గోల్కొండ. ఎండ మాడ్చేస్తున్న మూడు గంటల వేళ కోట ఎక్కించారు. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి ప్రతిధ్వని వినిపించడానికే చాలాసేపు పట్టింది. అది ఏ గోల్కొండ యాత్రలోనైనా చూపిస్తారు. స్వామీజీ ఇక్కడికి 11న వచ్చారని, అదే రోజున సికింద్రాబాద్ పెద్దలు నూరుమంది పాలూ పళ్ళూ తీసుకుని ఆయనను కలిసి మెహబూబ్ కాలేజీలో మాట్లాడమని కోరారని ఒక్క ముక్కలో చెప్పి ముగించారు.

నా ప్రధానమైన అభ్యంతరం ఇక్కడే ఉంది. స్వామీజీ 11న గోల్కొండ, 12న దేవిడీ, 13న మెహబూబ్ కాలేజీ వెళ్ళారు. యాత్ర మమ్మల్ని సరిగ్గా వెనుక నుంచి ముందుకు నడిపించింది. దానివల్ల ఉపన్యాసం ముందు విని, ఆ ఉపన్యాసానికి పిలుపు ఎలా వచ్చిందో ఆఖరున తెలుసుకోవలసి వచ్చింది. బస్సును తిప్పి నడిపితే చాలు: పొద్దున్నే చల్లని వేళ గోల్కొండ ఎక్కవచ్చు, మధ్యాహ్నానికి దేవిడీ చేరవచ్చు, సాయంత్రం సభ జరిగిన చోటే యాత్రను ముగించవచ్చు. ముసలివాళ్ళకు మోకాళ్ళ బాధ కూడా తగ్గుతుంది. బేగంబజారు సాహుకార్లు 14న వచ్చి దారి ఖర్చులు భరిస్తామన్న సంగతినీ వదిలిపెట్టకూడదు. గాజుల దుకాణాలకు ఇచ్చిన సమయంలో అరగంట బేగంబజారుకు కేటాయిస్తే సరిపోతుంది.

భోజనం శుభ్రంగా, వేడిగా ఉంది. నీళ్ళ సీసాలు అడగకుండానే ఇచ్చారు. బస్సు ఎక్కడా ఆలస్యం చేయలేదు. గైడ్ తెలుగు, ఇంగ్లీషు రెండూ తడబాటు లేకుండా మాట్లాడారు. ఈ 900 రూపాయలు మెహబూబ్ కాలేజీ, దేవిడీ రెండింటికే ఇచ్చినా తప్పులేదు. లోపాలు చెప్పినా, చరిత్ర మీద మక్కువ ఉన్నవారిని తప్పకుండా వెళ్ళమనే చెబుతాను.

తిరుగు ప్రయాణంలో చీకటి పడుతుండగా బస్సు ఖైరతాబాద్ మీదుగా వచ్చింది. గైడ్ అలసిపోయి కూర్చున్నారు. నాన్నగారు మఠంలో కొన్న పుస్తకం తిరగేస్తూ, మద్రాసులోని తన శిష్యుడు అళసింగ పెరుమాళ్‌కు స్వామీజీ హైదరాబాద్ నుంచి రాసిన ఉత్తరం దగ్గర ఆగారు. ఉత్తరం పైన చిరునామా చూసి ఉలిక్కిపడి, "అమ్మా, స్వామీజీ దిగిన ఇంజనీరు మధుసూదన్ ఛటర్జీ గారి ఇల్లు ఈ ఖైరతాబాద్‌లోనేనట. మీరు చెప్పలేదే?" అని అడిగారు. ఆమె ఒక్క క్షణం ఆయన వైపు చూసి, లేచి వచ్చి, మైకు ఆయన చేతికిచ్చి "మీరే చదవండి సార్" అన్నారు. ఇక్కడ అప్పుడే ఎండలు భరించలేనంతగా ఉన్నాయనీ, రాజపుతానాకు (నేటి రాజస్థాన్‌కు) తిరిగి వెళ్ళలేననీ, అమెరికా ప్రయాణానికి వేసుకున్న ఆలోచనలన్నీ తారుమారయ్యాయనీ స్వామీజీ రాసిన ఆ వాక్యాలను నాన్నగారు నెమ్మదిగా చదివారు. ట్యాంక్‌బండ్ దాటేవరకు బస్సులో ఎవరూ మాట్లాడలేదు.