థైరాయిడ్ యాంటీబాడీ ప్యాకేజీ: రక్తం తీయడం బాగుంది, చిక్కంతా రిపోర్టుతోనే

ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబ్ సర్వీసు ఒకదాన్ని ఏడాదిగా వాడుతున్నాను. పేరు రాయడం లేదు, ఇలాంటి ప్యాకేజీలు అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు. నాది హషిమోటో అనే థైరాయిడ్ జబ్బు, అక్కకి థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయింది, అంటే ఇద్దరికీ రక్తపరీక్షలు తప్పవు.

ముందు మంచి మాట చెప్పేస్తాను. రక్తం తీసిన అబ్బాయి చెయ్యి మంచిది, ఒక్కసారికే నరం దొరికింది, ట్యూబుల మీద స్టిక్కర్లు నా కళ్ల ముందే అంటించాడు, సాయంత్రానికి రిపోర్టు ఫోన్‌లో ఉంది.

గొడవంతా ఆ రిపోర్టుతోనే. యాంటీ టీపీఓ (థైరాయిడ్‌కి ఎదురు తిరిగే యాంటీబాడీ) 640 అని ఎర్ర అక్షరాల్లో, పక్కన బాణం గుర్తు, దాని కిందే "మీ ఇమ్యూనిటీని పెంచుకోండి" అని ఒక బటన్. నొక్కితే ఏదో పొడి డబ్బా. నాకున్న జబ్బేంటి? నా ఇమ్యూనిటీ నా థైరాయిడ్ మీదే పడి దాన్ని కొద్దికొద్దిగా తినేస్తోంది. 1912లో జపాన్ సర్జన్ హకరు హషిమోటో నలుగురు ఆడవాళ్ల దగ్గర కోసి తీసిన థైరాయిడ్ గ్రంథులను సూక్ష్మదర్శినిలో చూసి, లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) గుంపులు గుంపులుగా చేరి ఉన్నాయని రాశాడు, ఆ కణాలే ఇప్పుడు నా మెడలో ఉన్నాయి. ఇంట్లోవాళ్లనే దొంగలనుకుని బాదుతున్న కాపలావాడి చేతికి ఇంకో కర్ర ఇస్తారా ఎవరైనా?

మర్నాడు కౌన్సిలర్ అని ఒకావిడ ఫోన్. "మేడమ్, 640ని 100కి తెచ్చుకుందాం, మూడు నెలలకోసారి యాంటీబాడీ చేయించండి" అంది. యాంటీబాడీ ఉందని ఒకసారి తేలిందంటే కారణం తెలిసినట్టే, ఆ తర్వాత థైరాయిడ్ మాత్ర మోతాదు చూసుకునేది థైరాయిడ్‌ని పనిచేయించే, మెదడు కింది పిట్యూటరీ గ్రంథి హార్మోన్ టీఎస్‌హెచ్‌ని బట్టి, మోతాదు మారిస్తే 6 నుంచి 8 వారాలకి మళ్లీ చూస్తారు. ఈ 640 పెరిగిందా తగ్గిందా అని టెన్షన్ పడాల్సిన పని లేదని మా డాక్టర్ మొదటిరోజే చెప్పారు. పైగా యాంటీబాడీలు ఉండి కూడా హార్మోన్లు మామూలుగానే ఉన్నవాళ్లు బోలెడుమంది, వాళ్ల రిపోర్టుల్లోనూ ఇదే ఎరుపు, ఇదే ఫోన్ కాల్ అనుకుంటా.

రెండోసారి ఇంకా తమాషా. టీఎస్‌హెచ్ దాదాపు సున్నా, టీ4 (థైరాయిడ్ చేసే హార్మోన్) ఎక్కువ, చూస్తే గ్రేవ్స్ (థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు) వచ్చినట్టే ఉంది! రెండు రాత్రులు నిద్ర లేదు. తీరా చూస్తే జుట్టు రాలుతోందని నేను వాడుతున్న బయోటిన్ మాత్ర. చాలా యంత్రాల్లో పరీక్ష బయోటిన్ ఆధారంగానే నడుస్తుంది కాబట్టి, రక్తంలో అది ఎక్కువుంటే టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా చూపించేస్తుంది. కనీసం 2 రోజుల ముందు ఆపమంటారు. నేను వారం ఆపి మళ్లీ ఇస్తే అంతా సర్దుకుంది. బుక్ చేసేటప్పుడు "ఉపవాసం ఉన్నారా" అని మూడుసార్లు అడిగారు గానీ ఈ ఒక్క ప్రశ్న అడగలేదు.

అక్క విషయంలో మాత్రం నిజంగా కోపం వచ్చింది. థైరాయిడ్ మొత్తం తీసేశాక క్యాన్సర్ మళ్లీ వస్తోందా అని చూడటానికి థైరాయిడ్ కణాలే తయారుచేసే థైరోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ పరీక్ష చేస్తారు. ఆమె రిపోర్టులో అది చాలా తక్కువగా ఉంది, ఆకుపచ్చ రంగు, పక్కన "నార్మల్". ఇంట్లో అందరం సంబరపడ్డాం. డాక్టర్ చూసి మొదట అడిగింది, "యాంటీ థైరోగ్లోబ్యులిన్ ఏది?" అని. అది ఆ ప్రోటీన్‌కి ఎదురు తిరిగే యాంటీబాడీ పరీక్ష, వీళ్లు దాన్ని వేరే ప్యాకేజీలో పెట్టారు. చేయిస్తే పాజిటివ్. ఆ యాంటీబాడీ ఉంటే మామూలు పద్ధతిలో థైరోగ్లోబ్యులిన్ అసలున్నదానికన్నా తక్కువ చూపించవచ్చు, అప్పుడు ఆ పచ్చరంగుకి విలువ లేదు, యాంటీబాడీయే కాలక్రమంలో తగ్గుతోందా పెరుగుతోందా అని చూసుకుంటూ పోవాలి. ఇంకోటి, వాళ్లు వేసిన "నార్మల్" హద్దులు థైరాయిడ్ ఉన్నవాళ్లవి. గ్రంథే లేని మనిషికి ఆ హద్దులతో ఏం పని?

అప్పుడే అక్క అడిగింది: "ఏమే, నీకు ఇమ్యూనిటీ ఎక్కువై జబ్బొచ్చింది, నాకు తక్కువై క్యాన్సర్ వచ్చిందా?" అంత సూటిగా ఉండదు. ఆమె బయాప్సీలోనూ క్యాన్సర్ పక్కనే లింఫోసైట్లు గుంపుగా ఉన్నాయని రాశారు, ఆ యాంటీబాడీ ఎక్కణ్నుంచి వచ్చిందో అక్కడే అర్థమవుతుంది. ఇమ్యూన్ కణాలకి సీటీఎల్‌ఏ4, పీడీ1 అని బ్రేకులుంటాయి, కొన్ని క్యాన్సర్లు ఆ బ్రేకుల్ని వాడుకునే తప్పించుకుంటాయి. వాటిని వదిలించే దారి చూపినందుకే 2018లో జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకి నోబెల్ వచ్చింది, అలాంటి మొదటి మందు ఇపిలిముమాబ్‌కి అమెరికాలో 2011లోనే అనుమతి దొరికింది. కానీ బ్రేకు వదిలితే బండి క్యాన్సర్ మీదకే పోతుందని లేదుగా. థైరాయిడ్ దెబ్బతినొచ్చు, పిట్యూటరీ వాచొచ్చు, అరుదుగా ఇన్సులిన్ చేసే కణాలు పోయి ఉన్నట్టుండి షుగర్ వస్తుంది.

ఆ మందుల మీద ఉన్నవాళ్లకి టీఎస్‌హెచ్, టీ4, పొద్దుటి కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథుల హార్మోన్), షుగర్ కలిపిన ప్యాకేజీ నిజంగా పనికొస్తుంది. వీళ్ల జాబితా అంతా వెతికాను, లేదు. పిట్యూటరీ దెబ్బతింటే టీ4 పడిపోయినా టీఎస్‌హెచ్ మామూలుగా కనిపించొచ్చు, అప్పుడు ఒక్క టీఎస్‌హెచ్ పచ్చగా ఉందని వీళ్లు శుభాకాంక్షలు చెప్తారు కాబోలు.

రక్తం తీసినందుకు 5కి 5, రిపోర్టుకి 2, ఫోన్ చేసే కౌన్సిలర్‌కి ఏమీ లేదు. నేను ఇప్పటికీ వీళ్ల దగ్గరే ఇస్తున్నాను, టీఎస్‌హెచ్ ఒక్కటే, విడిగా. అక్క మాత్రం డాక్టర్ చెప్పిన ల్యాబుకి మారిపోయింది, అక్కడ థైరోగ్లోబ్యులిన్, దాని యాంటీబాడీ ఒకే రక్తంతో ఒకే కాగితం మీద ఇస్తున్నారు.