జాగ్రత్త: ఆ డ్యూయల్ ఫ్యూయల్ పంప్ కిట్ కొన్నవాళ్లు విప్పి చూడకుండా గాల్లోకి వెళ్లకండి

ఇక్కడ అమెరికాలో గ్యారేజీలో విమానం కట్టుకుంటున్న మనవాళ్లందరికీ ఈ అమ్మకందారు తెలుసు, పేరు రాయను. మాది లో-వింగ్ (రెక్కలు కింది వైపు ఉండే విమానం), ఇంజిన్ రోటాక్స్ 912 ఐఎస్. ఈ ఇంజిన్‌కి ఇంధనం సుమారు 3 బార్ ప్రెషర్‌తో అందాలి, అదీ కరెంటు పంపులతోనే. ట్యాంకులు రెక్కల్లో, ఇంజిన్ కన్నా కింద ఉన్నాయి కాబట్టి పంపులు ఆగితే ఇంధనం దానంతటది దిగి వచ్చే అవకాశమే లేదు. అందుకే రెండు పంపులు, రెండింటికీ విడివిడిగా చెక్ వాల్వులు (ఇంధనాన్ని ముందుకే పోనిచ్చి వెనక్కి రానివ్వనివి), విడివిడి వైరింగ్ అని చెప్పి అమ్ముతున్న కిట్ కొన్నాం.

బిగించే ముందు బెంచ్ మీద నడిపి చూశాం. రెండూ ఆన్‌లో ఉంటే ప్రెషర్ చక్కగా నిలబడింది, రెండోది ఆపగానే గేజ్ ముల్లు పడిపోయింది. మొదటి పంప్ బాగానే తిరుగుతోంది. ఆగిపోయిన పంప్ ఇన్‌లెట్ గొట్టం ఊడదీస్తే పెట్రోల్ వెనక్కి కారుతోంది! మ్యానిఫోల్డ్ (రెండు పంపుల దారులూ కలిసే దిమ్మ) విప్పితే ఆ వైపు చెక్ వాల్వ్ అసలు లేదు, ఖాళీ రంధ్రం. పంప్ లోపలా లేదు. అంటే టేకాఫ్‌లో రెండో పంప్ చచ్చిపోతే, బాగున్న మొదటి పంప్ తోడిన ఇంధనం కూడా దానిలోంచే ట్యాంకుకి తిరిగిపోతుంది, ఇంజిన్ ఆగిపోతుంది. పైగా రెండు పంపుల గ్రౌండ్ ఒకే వైరు, ఒకే పిన్ను. ఆ పిన్ను వదులైతే రెండూ ఒకేసారి పోతాయి.

ఇంతవరకు పొరపాటు అనుకున్నా సరే. ఫోన్ చేసి ఫోటోలు పంపితే వాడన్న మాట విని ఒళ్లు మండిపోయింది: "విమానం మీద ఎక్స్‌పెరిమెంటల్ అని రాసి ఉంటుంది కదా, తయారీదారు నువ్వే, చూసుకోవాల్సిందీ నువ్వే. విప్పేశావు కాబట్టి వాపసు లేదు." సొంతంగా కట్టిన విమానం మీద ఆ అక్షరాలు ఎక్కేవాళ్లకి రిస్క్ తెలియడానికి రాస్తారు, వాల్వ్ లేని పెట్టెని వాల్వ్ ఉందని అమ్ముకోవడానికి కాదు! పక్క సీట్లో నా భార్య కూర్చుంటుంది. అది చెప్పినా "ఇంతవరకు ఎవరూ కంప్లైంట్ చేయలేదు" అని పెట్టేశాడు. విప్పితే కదా తెలిసేది!

కార్డు కంపెనీలో డిస్ప్యూట్ పెట్టాను. ఇలాంటివి కొంటే కార్డుతోనే కొనండి.

ఎవరి దగ్గర కొన్నా ఒక్కో పంప్ ఆపి ప్రెషర్ చూడండి, ఒక్కో పంపుతోనే ఫ్లో కూడా కొలవండి. పంపుతో నడిచే సర్టిఫైడ్ విమానాలకి ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) పాత పార్ట్ 23 నిబంధనలు అడిగింది, టేకాఫ్‌లో ఇంజిన్‌కి కావాల్సిన ఇంధనానికి 125 శాతం ఫ్లో, మనకి రూల్ కాకపోయినా అంత ఉండాల్సిందే. ఫ్యూజు, స్విచ్, గ్రౌండ్ దేనికది వేరుగా వేయండి. పంపుని ట్యాంకుకి దగ్గరగా, వీలైనంత కింద పెట్టండి, పంపులు తోయగలిగినంత బాగా పీల్చలేవు, ఎండాకాలం పైన పెడితే వేపర్ లాక్ అవుతుంది (ఇంధనం ఆవిరై గొట్టంలో అడ్డుపడుతుంది). పంప్ ముందు ముతక ఫిల్టర్, తర్వాత సన్న ఫిల్టర్.

ఈ కిట్‌తో ఇప్పటికే ఎగురుతున్నవాళ్లు మాత్రం దయచేసి ఈ వారం విమానం బయటికి తీయకండి. ముందు రెండో పంప్ వైపు మ్యానిఫోల్డ్ విప్పి చూసి, ఏముందో కింద రాయండి.