సీటు జరిగే కుర్చీ: ఆరేళ్ల వాడకం తర్వాత

రోజుకి ఏడెనిమిది గంటల చొప్పున ఆరేళ్లు వాడిన ఆఫీసు కుర్చీ ఇది. కూర్చునేవాళ్లు ఇద్దరు: ఒకరిది ఐదడుగుల ఎత్తు, ఇంకొకరిది ఐదడుగుల పది అంగుళాలు. ఇద్దరికీ ఇది సరిపోతోందంటే కారణం ఒక్కటే, సీటు లోతు, అంటే ముందంచు నుంచి వీపు ఆనిక దాకా ఉండే కొలత, 40 నుంచి 45 సెం.మీ. దాకా జరుగుతుంది.

కుర్చీ కొనేటప్పుడు అందరూ ఎత్తు చూస్తారు, లోతు చూడరు. అసలు ఇబ్బంది అక్కడే. లోతు ఎక్కువైతే సీటు అంచు మోకాలి మడత వెనక నొక్కుతుంది. ఆ నొప్పి తప్పించుకోవడానికి మనిషి ముందుకి జారతాడు, నడుముకి ఆనిక పోతుంది, వీపు గూనిగా వంగుతుంది. వెనక దిండు పెడితే కొంత నయమే కానీ చేతుల ఆనిక మోచేతులకి వెనకబడిపోతుంది.

కొలత తేలికే. బల్ల మీద పిర్రలు గోడకి ఆనించి కూర్చుని, గోడ నుంచి మోకాలి మడత దాకా టేపు పట్టాలి. అందులో 4–5 సెం.మీ. తీసేస్తే మీ సీటు లోతు. అంచుకీ పిక్కకీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. పలువురు వాడే కుర్చీకి లోతు పొట్టివాళ్లని బట్టి, వెడల్పు లావుపాటివాళ్లని బట్టి పెట్టాలి. వెడల్పు మిగిలితే ఎవరికీ నష్టం లేదు, లోతు మిగిలితే ఉంది.

ఎత్తు విషయంలో మాత్రం ఈ కుర్చీ నిరాశపరిచింది. ఎంత దించినా 44 సెం.మీ. దగ్గర ఆగిపోతుంది. పొట్టిమనిషికి చెప్పులతో కలిపి 40 చాలు. మడమలు గాల్లో ఉంటే బరువంతా తొడల కింద పడి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. అందుకని 4 సెం.మీ. పాదపీట తప్పలేదు.

నాలుగో ఏడు ఫోమ్ కుంగింది. ముందంచున బొటనవేలితో నొక్కితే కింద ప్లైవుడ్ గట్టిగా తగిలింది, కూర్చునే ఎముకల చోట రెండు గుంటలు పడ్డాయి. కొత్తగా 50 డెన్సిటీ (ఘనమీటరుకి 50 కిలోలు తూగే) ఫోమ్ 6 సెం.మీ. మందాన వేస్తే మళ్లీ కుదురుకుంది. పాత ఫోమ్ ఆకారం గీసుకుని కోయాలి, ముందంచుని కిందికి గుండ్రంగా చెక్కాలి. గుడ్డకి పిన్నులు ముందువైపు మధ్యలో మొదలుపెట్టి, తర్వాత ఎదురువైపు, మూలలు చివర్న కొట్టాలి. మూలలతో మొదలుపెడితే ముడతలు పోవు. తొడల కోసమంటూ లోతైన గాళ్లు తవ్వకండి. ఒకరికి కుదిరిన గాడి ఇంకొకరికి గట్టులా గుచ్చుకుంటుంది, పైగా కదిలి కూర్చునే వీలుండదు.

జారుడు పట్టాల్లో వెంట్రుకలు, దుమ్ము చేరితే లాక్ పిన్ను గాట్లో పూర్తిగా దిగదు. పాదాలతో నేలని తన్నగానే సీటు వెనక్కి జారిపోతుంది. ఆర్నెల్లకోసారి పొడి బ్రష్షుతో తుడవాలి, గ్రీజు పూస్తే దుమ్ము ఇంకా పడుతుంది.