సెస్నా 172 మీద 70 గంటలు, ఆపైన అమ్మానాన్నలతో ఒక రైడ్

డాలస్ దగ్గర ఒక చిన్న ఎయిర్‌పోర్ట్‌లో సెస్నా 172ఎస్ అనే నాలుగు సీట్ల చిన్న విమానం మీదే నేర్చుకుని ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నా, రూల్ ప్రకారం 40 గంటలు చాలు కానీ నాకు 70 దాకా పట్టింది. మొన్న తెనాలి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కూడా ఎక్కించాక ఇది రాయాలనిపించింది.

నేర్చుకునేవాళ్ళకి దీన్ని మించింది లేదండి. 1956 నుంచి వస్తోంది, 1986లో ఆపేసి మళ్ళీ పదేళ్ళకి మొదలెట్టారు, అయినా 44 వేలకి పైగా తయారయ్యాయి, ప్రపంచంలో ఇంకే విమానమూ ఇన్ని రాలేదు. ఎందుకో నాకు మొదటి స్టాల్ (ముక్కు మరీ పైకెత్తితే రెక్కలు విమానాన్ని మోయలేకపోవడం) ప్రాక్టీస్‌లోనే అర్థమైంది. పవర్ తగ్గించి ముక్కు పైకి లాగుతూ పోతే ఎడమ రెక్క దగ్గర జాతరలో పిల్లలు ఊదే పీపీలా హెచ్చరిక కూత మొదలవుతుంది, నిజంగానే గాలితో మోగే పీకే అది, కరెంటుతో పనిలేదు. కాసేపు వణికి ముక్కు తనంతట తనే వాలుతుంది, యోక్ (విమానం స్టీరింగ్) కొంచెం వదిలి పవర్ ఇస్తే మళ్ళీ మామూలే. భయంతో బిగుసుకుపోయి కూర్చున్న నేను రెండోసారి అడిగి మరీ చేశా.

ల్యాండింగ్‌లో మాత్రం స్పీడ్ దగ్గర ఊరుకోదు. ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి దించే పలకలు) పూర్తిగా దించి 65 నాట్స్, అంటే గంటకి దాదాపు 120 కిలోమీటర్ల దగ్గర రావాలి, 75తో వస్తే రన్‌వే మీద తేలుతూ పోతూనే ఉంటుంది.

ఇక సీట్లు. నాలుగున్నాయి కదా అని మా ఆవిడతో కలిపి నలుగురం వెళ్దామనుకున్నాం. లెక్కేస్తే మనుషులకీ పెట్రోలుకీ కలిపి 400 కిలోలు, ట్యాంకులు నింపితే అందులో 145 దాకా పెట్రోలుకే పోతుంది, మిగిలేది ముగ్గురు పెద్దవాళ్ళకి సరిపోతుందంతే. టెక్సస్ ఎండలో గాలి పల్చబడి ఎక్కడమూ నెమ్మదిస్తుంది, 180 హార్స్‌పవర్ అప్పుడు చిన్నదే అనిపిస్తుంది. మా ఆవిడ కిందే ఉండిపోయింది. కుటుంబంతో దూరాలు తిరగడానికి కొనాలనుకునేవాళ్ళు ముందు ఈ లెక్క చూసుకోండి.

పెద్దవాళ్ళు ఎక్కడానికి మాత్రం ఇదే నయం. ఇలాంటిదే ఇంకో చిన్న విమానం పైపర్ ఆర్చర్‌కి తలుపు ఒక్కటే, రెక్క మీదకెక్కి లోపలికి దిగాలి, అమ్మ చీరతో అది జరిగే పని కాదు. దీనికి రెండు పక్కలా తలుపులు, మెట్టు మీద కాలేసి ఎక్కేయొచ్చు. కొంగు బొడ్లో దోపుకోమని చెప్పి, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఇంజిన్ పూర్తిగా ఆపే ఉంచా, ప్రొపెల్లర్ దగ్గర ఎవరినీ తొందరపెట్టకండి. రెక్క పైన ఉంటుంది కాబట్టి కిందంతా కనిపిస్తుంది, అమ్మ లూయిస్‌విల్ లేక్ చూసి మన ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలా ఉందిరా అంది.

విసుగు తెప్పించేది హాట్ స్టార్ట్, అంటే వేడిగా ఉన్న ఇంజిన్‌ని మళ్ళీ స్టార్ట్ చేయడం. పెట్రోలు కొట్టించుకుని పావుగంటలో మళ్ళీ స్టార్ట్ చేయబోతే లైన్లలో పెట్రోలు ఆవిరై ఇంజిన్ ఒక పట్టాన అందుకోదు, దానికి చెక్‌లిస్ట్‌లో ఉన్న పద్ధతి బట్టీ పట్టాల్సిందే.

పాతవి అద్దెకి తీసుకుంటే సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాలు చూడండి, అరిగితే టేకాఫ్‌లో సీటు వెనక్కి జారే ప్రమాదం ఉంది, అలా యాక్సిడెంట్లు కూడా అయ్యాయి. బయల్దేరే ముందు నా సీటు రెండుసార్లు ఊపి చూసుకున్నా, నాన్నది కూడా.