దిల్‌సుఖ్‌నగర్ నుంచి రాయదుర్గం దాకా: హైదరాబాద్ మెట్రోపై ఒక పాత ప్రయాణికుడి సమీక్ష

మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద వాన నీళ్లు నిలిస్తే దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు వాళ్ల సాయంత్రం ఎలా ఉంటుందో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. మెట్రో మాకు చేసిన మొదటి మేలు ఆ టెన్షన్ తీసేయడం. కింద ట్రాఫిక్ ఎక్కడిదక్కడ ఆగిపోయినా పైన రైలు వెళ్లిపోతూనే ఉంటుంది. నా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో, ఆఫీసు రాయదుర్గంలో. మా లైన్ మొదలైనప్పటి నుంచీ, లాక్‌డౌన్ రోజులు తప్ప, నా దారి ఇదే. కాబట్టి ఇది నాలుగు రోజులు తిరిగి రాస్తున్న అభిప్రాయం కాదు.

ఈ నగరానికి లోకల్ రైలు కొత్తేమీ కాదు. 2003 ఆగస్టులోనే ఎంఎంటీఎస్ వచ్చింది. టికెట్ చవక, లింగంపల్లి దాకా హాయిగా వెళ్లొచ్చు. కానీ ఉన్న పట్టాల మీదే దూరప్రాంతపు రైళ్లతో పాటు నడవాలి కాబట్టి రైళ్ల సంఖ్య పెంచడం కష్టం. మెట్రో కథ వేరు. 2008లో టెండర్ గెలిచిన, సత్యం రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కూటమి, సాయం అడగడం మాట అటుంచి, ప్రభుత్వానికే ఎదురు 30 వేల కోట్లకు పైగా ఇస్తానంది. ఇదెలా సాధ్యమని ఢిల్లీ మెట్రో శ్రీధరన్ అప్పుడే అనుమానపడ్డారు. సత్యం కుంభకోణం బయటపడ్డాక 2009లో ఆ ఒప్పందం రద్దయింది. మళ్లీ టెండర్ పిలిస్తే ఎల్ అండ్ టీ 1,458 కోట్ల ప్రభుత్వ సాయంతో కడతానని ముందుకొచ్చి, 2010 సెప్టెంబర్‌లో సంతకం చేసింది.

రైలు ఎక్కే వేళకు 2017 నవంబర్ వచ్చింది. మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోల్ దాకా 30 కిలోమీటర్లు. మా ఎల్బీనగర్ వైపు 2018 సెప్టెంబర్ 24న మొదలైంది. హైటెక్ సిటీకి 2019 మార్చిలో, రాయదుర్గానికి ఆ ఏడాది నవంబర్‌లో చేరింది. ఆ మధ్య నెలల్లో అమీర్‌పేటలో దిగి షేర్ ఆటో కోసం పరుగెత్తినవాళ్లకు హైటెక్ సిటీ లైన్ తెరుచుకున్న రోజు పండగే. మొదట్లో అటువైపు రైలు తిరగడానికి వసతి లేక చాలాసేపు ఆగాల్సొచ్చేది. అది కట్టాక రాకపోకలు బాగుపడ్డాయి. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్, ఎంజీబీఎస్ బస్టాండ్లను కలిపే లైన్ కూడా కలిసి మొత్తం 69 కిలోమీటర్లయింది. అప్పటికి దేశంలో ఢిల్లీ తర్వాత మనదే పెద్ద మెట్రో. నెలన్నర తిరగకుండానే కరోనా వచ్చి రైళ్లు ఆగిపోయాయి, మళ్లీ సెప్టెంబర్‌లో కదిలాయి.

రోజూ ఎక్కేవాళ్లకు ఈ నెట్‌వర్క్ బలం అమీర్‌పేటలో తెలుస్తుంది. మియాపూర్ రైళ్లు కింద, రాయదుర్గం రైళ్లు పైన. ఉదయం తొమ్మిదిన్నరకు ఎల్బీనగర్ నుంచి వచ్చిన రైలు తలుపు తెరుచుకోగానే జనమంతా ఒక్కసారిగా ఎస్కలేటర్ మీద పడతారు. అనుభవమున్నవాళ్లు పంజాగుట్టలోనే తలుపు దగ్గరికి జరిగి నిలబడతారు. మెట్లెక్కేస్తే ఎస్కలేటర్ క్యూ కంటే ముందే పైకి చేరొచ్చు. పైన ప్లాట్‌ఫాం మీద బ్యాగులు ముందుకు వేసుకుని నిలబడ్డ వరుసలు చూస్తే ఊళ్లోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగులంతా ఇక్కడే ఉన్నారేమో అనిపిస్తుంది.

ఎంజీబీఎస్ దగ్గర ఇంకో లోకం కనిపిస్తుంది. నల్గొండ, మహబూబ్‌నగర్ బస్సులు దిగినవాళ్లు సంచులతో నేరుగా రైలెక్కుతారు. జనవరిలో నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి వెళ్లేవాళ్లు గాంధీభవన్‌లో, వినాయక చవితికి బడా గణేశుణ్ణి చూడ్డానికి వచ్చేవాళ్లు ఖైరతాబాద్‌లో దిగుతారు. ఊరు తన పండగలకు మెట్రోను ఎంత సహజంగా కలిపేసుకుందో ఆ రోజుల్లో చూడాలి.

ఇక లోటు. రైలుకు ఇప్పటికీ మూడే కోచ్‌లు. ఒక రైలులో సుమారు వెయ్యి మంది పడతారు. స్టేషన్లను మాత్రం ఆరు కోచ్‌లకు సరిపోయేలా కట్టారు. సాయంత్రం ఆరు తర్వాత రాయదుర్గం వైపు నుంచి రైళ్లు కిక్కిరిసి వస్తుంటే ఆ ఖాళీ ప్లాట్‌ఫాం చివర చూసినప్పుడల్లా బాధేస్తుంది. ఛార్జీ 2025 మేలో పెరిగింది. గరిష్ఠం 60 రూపాయల నుంచి, తగ్గింపు పోను, 69కి చేరింది. నా దూరానికి బైక్ పెట్రోలు, పార్కింగ్, ఒళ్లు నొప్పులు లెక్కేసుకుంటే ఇప్పటికీ ఇదే లాభం. అయితే 2023 డిసెంబర్ నుంచి బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి, తక్కువ దూరం వెళ్లే వాళ్లకు ఈ మాట వర్తించదు.

అన్నిటికన్నా పెద్ద లోటు పాతబస్తీ. మొదటి ప్లాన్‌లోనే ఉన్న ఎంజీబీఎస్-ఫలక్‌నుమా ఐదున్నర కిలోమీటర్లు ఇంకా మిగిలే ఉన్నాయి. జేబీఎస్ నుంచి వచ్చే ఆకుపచ్చ లైన్ ఎంజీబీఎస్‌లోనే ఆగిపోవడం వల్ల చార్మినార్ వెళ్లాలంటే దిగి ఆటో బేరమాడాల్సిందే. 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది, ఆస్తుల సేకరణ మొదలైంది. ఊరికి పేరు తెచ్చిన వీధులకే రైలు లేకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది. ఈలోగా బెంగళూరు మనల్ని దాటేసింది.

2025 సెప్టెంబర్‌లో మెట్రోను రాష్ట్ర ప్రభుత్వమే తీసుకోవడానికి ఎల్ అండ్ టీతో సూత్రప్రాయంగా ఒప్పుకుంది. రెండో దశలో ఎయిర్‌పోర్టుతో సహా చాలా దారులున్నాయి. కొత్త లైన్లు రావాలి, కాదనను. కానీ ఉన్న రైళ్లకు కోచ్‌లు కలపడం, ఫలక్‌నుమా పూర్తి చేయడం ముందు జరగాలి. మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లే దూరంలో ఇల్లు, ఆఫీసు రెండూ ఉన్నవాళ్లకు మాత్రం ఇవాళే స్మార్ట్ కార్డు తీసుకోమంటాను. ఒకటి ఇంటి దగ్గరుండి రెండోది రెండు కిలోమీటర్లు లోపలుంటే, ఆటో ఖర్చు లెక్క చూసుకున్నాకే నిర్ణయించుకోండి.