ఆకలిని అదుపు చేస్తానన్న యాప్: పాఠాలు ఒక దారి, పనితీరు ఇంకో దారి

తిండి యావను తగ్గించే ‘డోపమైన్ రీసెట్’ పద్ధతి తమ దగ్గర ఉందని చెప్పుకునే ఒక ఫోన్ యాప్‌కు చందా కట్టి కొంతకాలం వాడాను. అందులోని పాఠాలు నిజంగా బాగున్నాయి. చిక్కల్లా ఏమిటంటే, యాప్ తయారుచేసినవారు ఆ పాఠాలను చదివినట్టు లేదు.

డోపమైన్ అంటే ఆనందాన్నిచ్చే రసాయనమన్న ప్రచారాన్ని మొదటి పాఠమే కొట్టిపారేస్తుంది. మెదడులో డోపమైన్ తయారుకాకుండా జన్యుమార్పు చేసిన చిట్టెలుకలు పుట్టిన కొన్ని వారాలకే తిండి మానేసి చనిపోతాయని, శరీరంలో డోపమైన్‌గా మారే ఎల్-డోపా అనే మందు ఇస్తే మళ్లీ తింటాయని రిచర్డ్ పామిటర్ ప్రయోగశాల 1995లో చూపింది. మరోవైపు, కెంట్ బెరిడ్జ్, టెరీ రాబిన్సన్‌ల ప్రయోగాల్లో డోపమైన్ దాదాపు పూర్తిగా నశించిన ఎలుకలు ఎదురుగా ఉన్న తిండిని ముట్టుకోకపోయినా, నోట్లో తీపి ద్రవం పోసినప్పుడు మాత్రం మామూలు ఎలుకల్లాగే నాలుక చప్పరించాయి. అంటే రుచి మీద ఇష్టం చెక్కుచెదరలేదు, లేచి వెళ్లి తినాలన్న తపనే పోయింది. ఈ తేడాను ఇంత తేటగా చెప్పినవారు అరుదు.

ఖాళీ కడుపు నుంచి వెలువడే గ్రెలిన్ అనే హార్మోన్ ఈ డోపమైన్ వ్యవస్థను చురుకుగా మారుస్తుందని, కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ దాన్ని నెమ్మదింపజేస్తుందని చెప్పే పాఠం చిన్నదే అయినా సరిపోతుంది.

అసలు పేచీ ఆ తరువాతి పాఠంతో మొదలైంది. పండ్లరసం చుక్క అందగానే స్పందించిన కోతి మెదడులోని డోపమైన్ కణాలు, రసానికి ముందు వెలిగే దీపం సంగతి అలవాటయ్యాక ఆ దీపానికే స్పందించసాగాయని వోల్ఫ్రామ్ షుల్ట్జ్ కనుగొన్నారు; తీరా రసం రాకపోతే ఆ స్పందన మామూలు స్థాయికన్నా పడిపోయేది. తిండిని గుర్తుచేసే సూచనే తపనను రేపుతుందని ఇంత చక్కగా బోధించిన ఈ యాప్, భోజనాల మధ్య వేళల్లో నోరూరించే వంటకం బొమ్మతో ‘మీ కోరికను జయించారా?’ అని నోటిఫికేషన్ పంపుతుంది! అప్పటిదాకా తిండి ఊసే లేని మనిషికి అది షుల్ట్జ్ దీపమే. బొమ్మలు రాకుండా ఆపుకునే వీలు సెట్టింగుల్లో ఎక్కడా కనబడలేదు.

రోజూ చూపించే ‘డోపమైన్ స్కోరు’ మరీ విడ్డూరం. రేడియోధార్మిక పదార్థాన్ని శరీరంలోకి ఎక్కించి తీసే పెట్ స్కాన్ కూడా మెదడులోని డోపమైన్ పనితీరును పరోక్షంగానే అంచనా వేస్తుంది. అలాంటిది, మనం నొక్కిన ఐదారు జవాబులనుబట్టి ఫోన్ దాన్ని అంకెల్లో చెబుతానంటే నమ్మడం కష్టం. దాన్ని ఆత్మపరిశీలన పట్టిక అని పిలిచి ఉంటే నాకు అభ్యంతరం ఉండేది కాదు.

పాఠాలకు ఐదింట నాలుగు, మిగతా యాప్‌కు ఒకటి ఇస్తాను. కొనదలచినవారు ఒక నెల చందాతో పాఠాలు పూర్తిచేసి, నోటిఫికేషన్లను ఫోన్ సెట్టింగుల నుంచే మొత్తంగా కట్టేయడం మేలు.