ఇంటికీ స్టేజీకీ ఒకే ఆంప్: బాస్ కటానా 50 ఎమ్‌కే2తో నా అనుభవం

బాస్ (Boss) కంపెనీ కటానా 50 ఎమ్‌కే2 గిటార్ ఆంప్‌ని (ఆంప్లిఫయర్) కొన్నేళ్లుగా వాడుతున్నాను. సికింద్రాబాద్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌లో ప్రాక్టీసుకి, ఆదివారం చర్చిలో, పెళ్లి రిసెప్షన్లలో ఆర్కెస్ట్రాతో వాయించడానికి, అన్నిటికీ ఇదే. "అన్నా, ఏ మోడలింగ్ ఆంప్ కొనాలి?" అని అడిగే కుర్రాళ్లు దీంట్లో ఎన్ని ఆంప్ మోడల్స్, దాంట్లో ఎన్ని ఎఫెక్ట్స్ అని లెక్కలు వేసుకుని వస్తుంటారు. ఆ అంకెల్ని చూసి ఆంప్ ఎంచుకోవద్దని గట్టిగా చెప్తాను. తక్కువ సౌండ్‌లో ఎలా పలుకుతుంది? వెనక ప్యానెల్ మీద ఏ సాకెట్లు ఉన్నాయి? ముందు ఈ రెండూ చూడండి.

ట్యూబ్ ఆంప్‌లో (వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే పాతతరం ఆంప్) గిటార్ సిగ్నల్ ఏ దశలో ఎలా మారుతుందో కొలిచి, అదే మార్పుని ప్రాసెసర్‌తో చేయించడమే మోడలింగ్. 1996లో లైన్ 6 తెచ్చిన యాక్సిస్ 212తో ఇది కాంబో ఆంప్‌లోకి (ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేది) వచ్చింది. కటానాలో పాత ఆంప్‌ల పేర్లతో పెద్ద జాబితా ఉండదు. అకౌస్టిక్, క్లీన్, క్రంచ్, లీడ్, బ్రౌన్ అని ఐదు రకాలు, ఒక్కోదానికి ఒక వేరియేషన్. స్క్రీన్ లేదు, మెనూలు లేవు, నాబ్‌లే. రిసెప్షన్‌లో పెళ్లికొడుకు స్నేహితులు అప్పటికప్పుడు పాట మార్పించినప్పుడు ఈ నాబ్‌ల విలువ తెలుస్తుంది. చేయి పెట్టి గెయిన్ (టోన్ ఎంత గరుకుగా పలకాలో నిర్ణయించే నాబ్) కాస్త తగ్గిస్తే పాట అందుకోవచ్చు. నాకు తొంభై శాతం పని క్లీన్, క్రంచ్‌లతోనే అయిపోతుంది. ఒకటి మాత్రం అలవాటు చేసుకోవాలి. సేవ్ చేసిన చానల్‌కి వెళ్తే నాబ్ చూపించేది ఒకటి, వినిపించేది ఇంకొకటి. అప్పుడు నాబ్‌ని ముట్టుకుంటే సెట్టింగ్ నాబ్ ఉన్నచోటికి ఒక్కసారిగా దూకుతుంది. పాట మధ్యలో జాగ్రత్త.

నేను ఈ ఆంప్‌ని ఇష్టపడటానికి అసలు కారణం పవర్ కంట్రోల్. అర వాట్, 25, 50 అని మూడు స్థాయిలు. అర వాట్‌లో పెడితే మాస్టర్ వాల్యూమ్‌ని బాగా పైకి తిప్పుకోవచ్చు, టోన్ పలచబడదు, పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొట్టరు. 50 వాట్లు డ్రమ్స్ ఉన్న బ్యాండ్‌కి సరిపోతాయా అని చాలామందికి టెన్షన్. సరిపోతాయి. వాట్లు రెట్టింపైతే సౌండ్ రెట్టింపు కాదు, పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి. అందుకే కేవలం సౌండ్ కోసం 50 వదిలి 100 కొనడంలో అర్థం లేదు. 12 అంగుళాల స్పీకర్ ఉండటం ఇంకా పెద్ద విషయం.

ఇంట్లో అద్భుతంగా ఉన్న టోన్ స్టేజీ మీద ఎందుకు చెడుతుందన్నది కూడా ఇక్కడే తెలుసుకోవాలి. సౌండ్ తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బాస్ (లోతైన స్వరాలు), ట్రెబుల్ (పై స్వరాలు) తక్కువగా వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. కాబట్టి పడగ్గదిలో మనం ఆ రెండింటినీ తెలియకుండానే పెంచేస్తాం, పైన రివర్బ్ (హాల్లో వాయించినట్టు ప్రతిధ్వని) కూడా దట్టిస్తాం. అదే సెట్టింగ్‌ని హాల్లో పెద్ద సౌండ్‌తో వాయిస్తే బాస్ గిటార్‌తో, కిక్ డ్రమ్‌తో కలిసిపోయి గిటార్ ఎక్కడుందో తెలియదు. స్టేజీకి బాస్ తగ్గించాలి, మిడ్ (మధ్య స్వరాలు) పెంచాలి, గెయిన్ సగానికి తేవాలి. ఒంటరిగా వింటే గరుకుగా ఉంటుంది గానీ బ్యాండ్‌లో అదే వినిపిస్తుంది. ఈ ఆంప్‌లో సెట్టింగ్స్ సేవ్ చేసుకోవడానికి నాలుగు మెమరీలున్నాయి, రెండు బ్యాంకులుగా. ఎ బ్యాంకు ఇంటికి, బి బ్యాంకు స్టేజీకి ఉంచుకున్నాను. బి బ్యాంకులోవి హెడ్‌ఫోన్స్‌తో తయారు చేయలేదు, చర్చి హాల్ ఖాళీగా ఉన్నప్పుడు డ్రమ్మర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చేశాను.

ఇక సాకెట్లు. ఫంక్షన్ హాల్లో సౌండ్ వాళ్లు మొదట అడిగే మాట "అన్నా, లైన్ ఇస్తవా, మైక్ పెట్టాలా?" లైన్ అంటే ఆంప్ నుంచి మిక్సర్‌కి నేరుగా వైరు. ఈ 50లో విడిగా లైన్ అవుట్ లేదు. హెడ్‌ఫోన్స్, రికార్డింగ్ రెండింటికీ ఉన్నది ఒకే సాకెట్, దాంట్లో జాక్ పెడితే స్పీకర్ ఆగిపోతుంది. అంటే మిక్సర్‌కి లైన్ ఇస్తే మన గిటార్ మనకి మానిటర్‌లోనే వినిపించాలి, ఆ మానిటర్ మనకి దొరుకుతుందో లేదో ముందే తెలియదు. నేను స్పీకర్ ముందు ఎస్‌ఎమ్57 మైక్ పెట్టించుకుంటాను. మైక్‌ని కోన్ మధ్యకి కాకుండా కాస్త అంచువైపు జరిపితే కీచుదనం తగ్గుతుంది. నా మైక్ నేనే తీసుకెళ్తాను. వారం వారం లైన్ ఇవ్వాల్సిన వాళ్లు మాత్రం 100 ఎమ్‌కే2 తీసుకోండి. లైన్ అవుట్, ఎఫెక్ట్స్ లూప్ (బయటి ఎఫెక్ట్ పెడల్స్ కలిపే సాకెట్లు), ఎనిమిది మెమరీలు, పెద్ద ఫుట్ కంట్రోలర్‌కి సాకెట్ అందులో ఉన్నాయి. 100కి డబ్బు పెట్టాల్సింది వీటి కోసం. కాకపోతే బరువు కూడా దాదాపు 15 కిలోలు. 50 అయితే 12 కిలోల లోపే, బైక్ వెనక కూర్చున్న మనిషి ఒళ్లో పెట్టుకుని రాగలడు.

జనరేటర్ మీద నడిచే ఫంక్షన్లలో హమ్ (కరెంటు వల్ల వచ్చే గుంయ్ శబ్దం) మామూలే. కంప్యూటర్‌లో ఆంప్ సెట్టింగ్స్ మార్చే టోన్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ సప్రెసర్ ఉంది, కొంతవరకు పనిచేస్తుంది. కానీ హమ్ పోతుందని ఎవరైనా ఎర్త్ పిన్ తీసేయమంటే ససేమిరా ఒప్పుకోకండి. ఎర్త్ లేని ఆంప్‌కి లీకేజీ ఉంటే, తీగల మీద చేయి ఉండగా పెదవి మైక్‌కి తగిలినప్పుడు షాక్ కొట్టొచ్చు, ప్రాణం మీదికీ రావొచ్చు. మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డు, ప్లగ్ టెస్టర్ నా బ్యాగులో ఎప్పుడూ ఉంటాయి.

ఇంట్లో తప్ప ఎక్కడా వాయించని వాళ్లకి ఇంత పెద్ద పెట్టె అక్కర్లేదు. యమహా టీహెచ్‌ఆర్10 II అనే చిన్న ఆంప్ టేబుల్ మీద పడుతుంది, చిన్న గదిలో చాలా హాయిగా పలుకుతుంది, డ్రమ్స్ పక్కన మాత్రం నిలబడలేదు. ఫెండర్ మస్టాంగ్ ఎల్‌టీ25 నేర్చుకునేవాళ్లకి మంచిది, 8 అంగుళాల స్పీకర్. కటానాలో 2024లో జెన్ 3 వచ్చింది, పుష్‌డ్ అనే ఆరో రకం, యూఎస్‌బీ-సీ చేర్చారు. దానివల్ల ఎమ్‌కే2లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. కొనేముందు మూడు పవర్ స్థాయిల్లోనూ వాయించి చూడండి, నాబ్‌లన్నీ మెల్లగా తిప్పి గరగర వస్తుందేమో వినండి, లాప్‌టాప్ తీసుకెళ్లి యూఎస్‌బీ కలిపి టోన్ స్టూడియో ఆంప్‌ని గుర్తుపడుతోందో లేదో చూశాకే డబ్బులివ్వండి.